ఎపిసోడ్ పాఠం: "ఊరెళ్ళిపోతా" అని ఎన్నిసార్లు అనుకున్నాం?

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు రాత ప్రతి ఇది. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వని వాళ్ళ కోసం, నెట్ సరిగా రాని సైట్లలో ఉన్నవాళ్ళ కోసం. తడబడిన చోట్ల సరిచేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

  నేను దమ్మామ్ నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ శుక్రవారం. కూర పొయ్యి మీద ఉంది, రూమ్‌లో మిగతా ముగ్గురు నిద్రపోతున్నారు. అందుకే కొంచెం గొంతు తగ్గించి మాట్లాడుతున్నా, ఏమనుకోకండి.

పోయిన వారం జుబైల్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఎప్పుడు సూసినా ఇఖామా, జీతం, కఫీల్ ముచ్చట్లేనా? ఒక్కసారి పాటల గురించి చెప్పరాదే. నాకైతే ఊరి పాట వింటే పని మీద మనసు నిలుస్తలేదు. వినకుంటే రాత్రి నిద్ర వస్తలేదు. ఇదేం రోగమే?" అని.

విని నవ్వుకున్నా. నవ్వు అయిపోయాక ఆలోచించా. నాకు కూడా పంతొమ్మిదేళ్ళ నుంచి అదే రోగం. నేను ట్రైలర్ డ్రైవర్ని. దమ్మామ్ నుంచి రియాద్‌కు నాలుగు వందల కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి నాలుగు వందలు. రెండు పక్కలా ఇసుక. మాట్లాడే మనిషి ఉండడు. పాట ఒక్కటే తోడు. కాబట్టి పాటల గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటా. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు, విన్నవాణ్ణి. అంతే.

పెద్దన్న క్యాసెట్

నేను 2006లో వచ్చాను. మాది అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. వచ్చిన కొత్తలో మా రూమ్‌లో ఎనిమిది మందిమి. అందరికంటే పెద్దాయనను పెద్దన్న అనేవాళ్ళం. ఆయన సెంట్రింగ్ మేస్త్రి, అప్పటికే సౌదీలో పదమూడేళ్ళు. ఆయన మంచం కింద రేకుపెట్టెలో ఒక క్యాసెట్ ఉండేది. పైన రాత అంతా చెరిగిపోయింది. ఒక పక్కన గోరటి వెంకన్న పాటలు, ఎవరో కాపీ చేసి పంపినవి. ఇంకో పక్కన ఏముందో ఆయన చెప్పేవాడు కాదు.

గోరటి వెంకన్న పేరు మనలో తెలియనివాళ్ళు తక్కువ. అయినా కొత్త పిల్లల కోసం రెండు మాటలు. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి దగ్గర గౌరారం. పాట తనే రాస్తాడు, బాణీ తనే కడతాడు, తనే పాడతాడు, పాడుతూ ఆడతాడు. ఆయన పాట నిలబడడానికి పెద్ద వాయిద్యాలేవీ అక్కర్లేదు, గొంతు, కాళ్ళ గజ్జెలు చాలు. "వల్లంకి తాళం" పుస్తకానికి 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పాలమూరు మనిషి. పాలమూరు అంటే మీకు తెలుసు కదా, మన గల్ఫ్ కంటే ముందే వలస పోయిన జిల్లా. దేశంలో ఏ మూల ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా, అక్కడ పాలమూరు కూలీ చెమట ఉంటుందంటారు. అట్లాంటి నేల మీద పుట్టిన పాట కాబట్టి అందులో ఊరు బొమ్మలో ఊరులా ఉండదు.

ఆయన "పల్లె కన్నీరు పెడుతుందో" పాట 2002లో వచ్చిన "కుబుసం" సినిమా వల్ల ఇంటింటికీ చేరింది. అంతకుముందే సభల్లో, క్యాసెట్లలో తిరుగుతున్న పాట అది. నేను మొదటిసారి విన్నప్పుడు ఏడుపు పాట అనుకున్నా. ట్రైలర్‌లో యాభైసార్లు విన్నాక అర్థమైంది, అది లెక్కల పాట అని. కుమ్మరి పని ఏమైంది, కమ్మరి కొలిమి ఏమైంది, వడ్రంగి, సాలె, ఒక్కొక్కరి గడప ముందు ఆగి లెక్క చెప్తుంది. ఎవరికి ఎప్పుడు పని పోయింది, ఎవరి వల్ల పోయింది అని అడుగుతుంది. దీని వెనక కంటికి కనపడని చెయ్యి ఏదో ఉందంటుంది.

మా ఇంట్లో ఆ లెక్క ఇట్లా ఉండె. మా బాపుకు ఎకరంన్నర. రెండు బోర్లు వేసి రెండూ ఫెయిల్. అప్పు మీద అప్పు. నేను వీసాకు కట్టిన డబ్బు కూడా వడ్డీదే. ఊరి మీద ప్రేమ లేక నేను విమానం ఎక్కలేదు. ఆ పాట నాకు అది చెప్పింది. "నువ్వు ఊరిని ఇడిసిపెట్టి పోయినవ్" అని చుట్టాలు అన్నప్పుడల్లా ఆ పాట నా పక్కన నిలబడింది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. 2008లో ఒకరోజు పెద్దన్నను బతిమాలి ఆ క్యాసెట్ బండిలోకి తీసుకుపోయాను. పాత బండి, పాత టేప్. రియాద్ ఇంకా వంద కిలోమీటర్లు ఉందనగా పాటలు అయిపోయాయి. టేప్ దానంతట అదే రెండో పక్కకు తిరిగింది. ఒక ముసలామె గొంతు. "కొడుకా, మంచిగున్నవా... బువ్వ తింటున్నవా..." అంటోంది. వెనక కోళ్ళ చప్పుడు. ఒక చిన్నపిల్ల "బాపూ" అని పిలుస్తోంది. వినకూడనిది వింటున్నానని తెలిసి ఆపబోయాను. అంతలోనే కిర్రుమని చప్పుడు. రీలు లోపల చుట్టుకుపోయింది.

పాతకాలంలో మనవాళ్ళు ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపుకునేవాళ్ళు. చదువు రానివాళ్ళు ఎక్కువ, ఫోన్ నిమిషానికి రియాళ్ళకు రియాళ్ళు. అందుకని ఇంటిల్లిపాదీ టేప్ చుట్టూ కూర్చుని మాట్లాడి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. పెద్దన్న దగ్గర ఉన్నది అదే. అందులో మాట్లాడిన తల్లి అప్పటికి చనిపోయి నాలుగేళ్ళు.

రాత్రి క్యాంపుకు వచ్చి ఆయన చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నా, కొడతాడనుకున్నా. ఏమీ అనలేదు. పెన్సిల్ తీసుకుని క్యాసెట్ చక్రంలో పెట్టి మెల్లగా తిప్పుతూ రీలు సరిచేస్తూ కూర్చున్నాడు. తెల్లారి నాలుగు గంటలకు డ్యూటీ. రెండింటి దాకా కూర్చున్నాడు. ముడతలు పడిన చోట కోసి అతికించాడు. పాటల పక్క మళ్ళీ పాడింది. తల్లి మాటల్లో మాత్రం నడుమ కొంత పోయింది. "బువ్వ తింటున్నవా" దాకా ఉంది, ఆ తర్వాతది లేదు.

బన్షర్ దగ్గర విన్న పాట

మన పాటలే కాదు, ఈ దేశం పాట గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి వీళ్ళ పాట ఒక్కటి కూడా తెలియదంటే బాగుండదు.

రియాద్ రోడ్డు మీద ఒక మహత్తాలో టైర్ పంక్చరై బన్షర్ దగ్గర ఆగాను. అక్కడ పనిచేసే యెమెనీ అతను ఎప్పుడూ ఒకే పాట పెట్టేవాడు. పాడింది మహమ్మద్ అబ్దు. సౌదీలో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు. 1949లో పుట్టాడు, చిన్నప్పుడే తండ్రి పోయాడు, కష్టంలో పెరిగాడు. ఆ పాట పేరు "అల్ అమాకెన్". 2005లో వచ్చింది. అమాకెన్ అంటే చోట్లు, జాగాలు. నాకొచ్చిన అరబ్బీ ఎంతో మీకు తెలుసు, "జీబ్, రూహ్, ఖలాస్". ఆ యెమెనీ అతను చేతులు తిప్పుతూ అర్థం చెప్పాడు. మనిషి మీద బెంగ మనిషికే ఉండదట. ఆ మనిషి తిరిగిన జాగాలకు కూడా ఉంటుందట.

నేను టైర్ మీద కూర్చుని ఉండిపోయా. మన వెంకన్న పాటలో పల్లె ఏడుస్తుంది, ఈయన పాటలో జాగాలు బెంగపడతాయి. ఆయన అరబ్, ఈయన పాలమూరు. ఒకరి పాట ఒకరు విని ఉండరు. ఆ యెమెనీ అతనికి కూడా ఒక ఊరుంది, అక్కడ యుద్ధం. నాకు ఊరికి పోవడానికి సెలవు లేదు, అతనికి ఊరికి దారి లేదు. ఆరోజు పంక్చర్‌కు డబ్బులు తీసుకోలేదతను.

ఇంకో సంగతి. మనం వచ్చిన కొత్తలో ఇక్కడ బయట పాట కచేరీలు దాదాపు లేవు. సినిమా హాళ్ళు లేవు. పాట అంటే బండిలో, రూమ్‌లో, చెవిలో. 2017లో జెద్దాలో, తర్వాత రియాద్‌లో మహమ్మద్ అబ్దు కచేరీలు మళ్ళీ మొదలయ్యాయి. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమా హాలు తెరిచారు. ఇప్పుడు పండక్కి తెలుగు సినిమా చూడ్డానికి మన పిల్లలు టాక్సీ మాట్లాడుకుని పోతున్నారు. ఇవన్నీ మన కళ్ళ ముందే జరిగాయి.

ఎర్రబస్సు పాట

క్యాసెట్లు పోయాయి, పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి, అవీ పోయి ఫోన్ వచ్చింది. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది కదా, ఆ మూడు గంటలు నీడలో అట్టముక్క పరుచుకుని పడుకుని ఫోన్ చూడని మనిషి ఉన్నాడా?

అట్లా ఒక మధ్యాహ్నం చౌరస్తా బ్యాండ్ పాట మా క్యాంపుకు వచ్చింది. "ఊరెళ్ళిపోతా మామా". రామ్ మిరియాల గొంతు. ఈ రామ్ మిరియాలే తర్వాత "జాతిరత్నాలు"లో చిట్టి పాట పాడాడు, "డీజే టిల్లు" పాట చేసి పాడాడు. అప్పటికి మాకు ఆయనెవరో తెలియదు. గిటార్ ఉంది, కానీ పాట నడక మనదే. జానపదాన్ని తెచ్చి పట్నం పిల్లల చేతిలో పెట్టినట్టుంది.

ఆ పాటలో ఇద్దరున్నారు. పట్నంలో విసిగిపోయిన ఒకడు, ఎర్రబస్సెక్కి మా ఊరికి పోతా అంటాడు. ఊరు ఎంత చల్లగా ఉంటుందో చెప్తాడు. ఎదుటివాడు ఊరుకోడు. పోతావు సరే, పోయి ఏం చేస్తావు, అక్కడ ఇంకేం మిగిలింది అని అడుగుతాడు.

మా క్యాంపులో అందరికీ మొదటి సగమే ఇష్టం. రింగ్‌టోన్‌గా పెట్టుకున్నది మొదటి సగం. స్టేటస్ పెట్టింది మొదటి సగం. రెండో సగం వచ్చేసరికి "మల్ల మొదటినుంచి పెట్టురా" అనేవాళ్ళు. పెద్దన్న మాత్రం రెండోది కూడా వినేవాడు. విని ఏమీ అనేవాడు కాదు.

పెద్దన్న ప్రతి ఏడూ అనేవాడు, "ఈ యేడుతో ఖలాస్, ఊరికి పోత" అని. బిడ్డ పెళ్ళి అయ్యాక అన్నాడు. ఇల్లు కట్టాక అన్నాడు. కొడుకు చదువు అయ్యాక అన్నాడు. మేం నవ్వేవాళ్ళం. 2020లో కరోనా వచ్చింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి, కర్ఫ్యూ పెట్టారు. పని లేదు, సగం జీతం. మే నెల నుంచి మన దేశం పంపిన విమానాలు నడవడం మొదలయ్యాక పేర్లు రాయించుకున్నాం. పెద్దన్న ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇరవై ఏడేళ్ళ తర్వాత పోయాడు. క్యాసెట్ సంచిలో పెట్టుకుని పోయాడు. దాన్ని ఆడించే టేప్ ఊళ్ళో కూడా ఎవరి దగ్గరా లేదని ఆయనకు తెలుసు.

ఆరు నెలలకు ఫోన్ చేసి ఎట్లుందన్నా అని అడిగా. "నన్ను ఇంకా సుట్టం లెక్కనే సూస్తున్రు రా. అన్నం పెట్టేటప్పుడు కొసరి కొసరి పెడ్తరు. ఇంటోనికి ఎవలన్న అట్ల పెడ్తరా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండేళ్ళకు మళ్ళీ అడిగితే, "ఇప్పుడు నయం. మొన్న మా ఆమె నన్ను తిట్టింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. రెండు బర్రెలు కొన్నాడు, పాలు పోస్తున్నాడు. "పాటల ఉన్న ఊరు లేదు రా. ఉన్న ఊరు ఉన్నది. దీనికి అలవాటు పడాలె" అన్నాడు.

తిరిగి పోదామనుకునే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్తున్నా. పాట విని టికెట్ బుక్ చేసుకోవద్దు. రెండో సగం కూడా విని చేసుకోండి. పోయాక మొదటి ఏడాది ఏం పని చేస్తాం, నెలకు ఎంత వస్తుంది, ఇంట్లో ఇన్నాళ్ళు మనం లేకుండా నడిచిన పద్ధతిలో మనకు చోటెక్కడ, ఈ మూడు ప్రశ్నలు వేసుకుని పోండి.

కాకి

ఇక చెప్పాలా వద్దా అని వారం నుంచి అనుకుంటున్న ముచ్చట ఉంది. చెప్తా.

మా బాపు 2015లో పోయాడు. బుధవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పుడు ఎగ్జిట్ రీ-ఎంట్రీ కంపెనీ కొట్టిస్తేనే. పాస్‌పోర్ట్ కూడా వాళ్ళ దగ్గరే. మందూబ్ సెలవులో ఉన్నాడు, సంతకం పెట్టే ముదీర్ వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆఫీసు చుట్టూ తిరిగాను, ఒకరి కాళ్ళు కూడా పట్టుకున్నా. వీసా చేతికి వచ్చేసరికి తర్వాతి వారం గురువారం సాయంత్రం. శనివారం రాత్రికి గానీ టికెట్ దొరకలేదు. శనివారమే పదకొండో రోజు. నేను ఇల్లు చేరింది పన్నెండో రోజు మధ్యాహ్నం. టెంట్ విప్పుతున్నారు.

మనవైపు పిట్టకు పెట్టుడు ఉంటుంది కదా. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ళకేదో కోరిక మిగిలిపోయింది అనుకుంటాం. నేను ఇంటికి పోయి మొదట అడిగింది అదే. తమ్ముడు చెప్పాడు, "పెట్టంగనే ముట్టింది అన్నా" అని.

అందరూ దాన్ని మంచిదన్నారు. నాకు మాత్రం లోపల ఏదో విరిగింది. పెద్దకొడుకును నేను లేను, అయినా కాకి ఆగలేదు. అంటే బాపు నాకోసం చూడలేదా? ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఎనిమిదేళ్ళు లోపలే పెట్టుకున్నా. ఊరి పాటలు వినడం కూడా కొన్నాళ్ళు మానేశా.

2023 మార్చిలో "బలగం" వచ్చింది. మన సిరిసిల్ల మనిషి వేణు ఎల్దండి తీశాడు. ఇంటి పెద్దాయన కొమురయ్య చనిపోతాడు, కాకి ముట్టదు, ఆ ముట్టకపోవడం చుట్టూనే కథంతా. ఊళ్ళల్లో తెరలు కట్టి జనమంతా ఒకచోట కూర్చుని చూశారని విన్నాం. మేం రంజాన్ నెలలో ఒక రాత్రి రూమ్‌లో చూశాం. చిన్న టీవీ, పద్నాలుగు మందిమి, మంచాల మీద, కింద, తలుపు దగ్గర. అందులో "ఊరు పల్లెటూరు" పాట వస్తుంది. భీమ్స్ బాణీ, కాసర్ల శ్యామ్ రాశాడు, మంగ్లీ, రామ్ మిరియాల పాడారు. ఆ ఎర్రబస్సు పాట పాడిన గొంతే. ఆ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు కూడా వచ్చింది, 2025లో ప్రకటించారు. ఆ పాట వచ్చినప్పుడు రూమ్‌లో అందరూ తమ ఊరి పేర్లు చెప్పుకుంటూ సంబరపడ్డారు. చివర్లో బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట వచ్చేసరికి ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. కడప తమ్ముడొకడు బాత్రూమ్‌లోకి పోయి నల్లా తిప్పుకున్నాడు. చప్పుడు బయటికి రాకుండా.

తెల్లారి అవ్వకు ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ళలో మొదటిసారి అడిగా. "అవ్వా, బాపు నాకోసం సూడలేదా? కాకి అంత జల్ది ఎట్ల ముట్టింది?"

అవ్వ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అగో, నువ్వే కదరా ఫోన్ జేసినవ్?"

నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదు. అవ్వ చెప్తే గుర్తొచ్చింది. ఆ శనివారం పొద్దున క్యాంపు బయట నిలబడి కార్డు కొట్టి తమ్ముడికి ఫోన్ చేశా. అప్పుడు ఇక్కడ వాట్సాప్ కాల్స్ బంద్. మామూలు ఫోనే. తమ్ముడు స్పీకర్ పెట్టి విస్తరి దగ్గర పట్టుకున్నాడు. నేను "బాపూ" అన్నాను. ఇంకేం అనడానికి గొంతు రాలేదు. కార్డులో డబ్బులు అయిపోయి కట్ అయింది.

"పావుగంట సూసినం కొడుకా, రాలే. నీ గొంతు ఇన్నంకనే దిగింది. నీకు తెల్సనుకున్న నేను" అంది అవ్వ.

కాకికి ఫోన్ వినపడుతుందా అని మీరు అడగొచ్చు. నాకు తెలియదు. నేను చెప్పేది కాకి గురించి కాదు. ఎనిమిదేళ్ళు నేను అడగలేదు, నాకు తెలుసనుకుని వాళ్ళు చెప్పలేదు. ఒక సినిమా, ఒక పాట వచ్చి అడిగించాయి. జుబైల్ తమ్ముడూ, ఊరి పాట వింటే పని మీద మనసు నిలుస్తలేదన్నావు కదా. నిలవనియ్యకు ఒక్కరోజు. ఆరోజు ఇంటికి ఫోన్ చెయ్యి. "తిన్నారా, పైసలు వచ్చినయా" కాకుండా, లోపల ఉన్నది ఒక్కటి అడుగు.

మా ఆమె అన్న మాట

ఈ ఎపిసోడ్ చేస్తున్నానని ఇంట్లో చెప్తే మా ఆమె నవ్వింది. నీకు ఏ పాట ఇష్టం అని అడిగా. "ఆ పాటలల్ల ఊరు ఏడుస్తది, ఊరు పిలుస్తది. అన్నీ పోయినోళ్ళకే. ఊళ్ళె ఉన్నోళ్ళను ఎవలు పిలుస్తరు?" అంది.

జవాబు లేదు నా దగ్గర. పెళ్ళయి పదిహేనేళ్ళు, కలిసి ఉన్నది అన్ని సెలవులూ కలిపితే రెండేళ్ళు కూడా కాదు. పొలం, పిల్లలు, అవ్వ ఆస్పత్రి, బ్యాంకు, అన్నీ తనే. నేను పంపిన డబ్బు లెక్క ఊరందరికీ తెలుసు. తను చేసిన పని లెక్క ఎవరూ రాయలేదు.

అప్పుడు ఖోబర్‌లో ఒక ముసలి మలయాళీ డ్రైవర్ చెప్పింది గుర్తొచ్చింది. వాళ్ళ దగ్గర ఎస్.ఎ. జమీల్ అని ఒకాయన ఉండేవాడు. తనే రాసి తనే పాడేవాడు, మన వెంకన్న లెక్క. 1970ల చివర ఆయన ఒక ఉత్తరం పాట కట్టాడు. "దుబాయ్ కత్తు పాట్టు" అంటారు. కత్తు అంటే ఉత్తరం. గల్ఫ్‌లో ఉన్న మొగుడికి ఇంటి దగ్గర భార్య రాసే ఉత్తరం అది. డబ్బు పంపుతున్నావు సరే, నా వయసు సంగతేంటి, నా ఒంటరితనం సంగతేంటి అని మొహమాటం లేకుండా అడుగుతుందట. తర్వాత మొగుడి జవాబు కూడా ఆయనే ఇంకో పాటగా కట్టాడు. "ఆ క్యాసెట్ పెడితే మా రూమ్‌లో అన్నం ముద్ద దిగేది కాదు" అన్నాడా ముసలాయన. గల్ఫ్ పాటలో పోయినవాడి గొంతే కాదు, ఉన్నామె గొంతు కూడా ఉండాలని ఆయన యాభై ఏళ్ళ కిందటే చూపించాడు.

అందుకే మా ఆమెను అడిగా, నువ్వే ఏదన్నా పాడి పంపరాదు అని. నాట్లప్పుడు పాడే పాట పంపింది. ఫోన్‌లో రికార్డ్ చేసింది. నడుమ బర్రె అరుపు, చిన్నోడి అల్లరి. రియాద్ రోడ్డు మీద ఇప్పుడు నేను ఎక్కువసార్లు వినేది అదే.

ముగించే ముందు

రెండు సంగతులు చెప్పి ముగిస్తా.

ఒకటి. 2021 మార్చి 14 నుంచి ఇక్కడ రూల్ మారింది. కంపెనీ వీసాల మీద ఉన్నవాళ్ళు ఎగ్జిట్ రీ-ఎంట్రీకి అబ్షిర్‌లో తామే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి మీ అబ్షిర్ అకౌంట్ మీ ఫోన్ నంబర్ మీదే ఉందో లేదో ఇవాళే చూసుకోండి, ఆపద వచ్చిన రోజు కాదు. ఆ మార్పు తెచ్చినప్పుడు ఇంటి డ్రైవర్లను, ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళను, వాచ్‌మెన్లను, గొర్రెల కాపరులను, తోటల్లో పనిచేసేవాళ్ళను అందులో చేర్చలేదు. వాళ్ళ కష్టం వేరు, వాళ్ళ గురించి వేరే ఎపిసోడ్ చేద్దాం.

రెండోది. మా బాపు గొంతు నా దగ్గర లేదు. ఒక్క నిమిషం కూడా లేదు. పెద్దన్న క్యాసెట్‌లో వాళ్ళ అమ్మ సగం మాటైనా ఉంది, నా దగ్గర అది కూడా లేదు. ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. ఇవాళ ఇంటికి చేసినప్పుడు అవ్వను, బాపును, అత్తను, ఎవరు పెద్దవాళ్ళుంటే వాళ్ళను ఒక పాట పాడమనండి. బతుకమ్మ పాటో, నాట్ల పాటో, జోలపాటో. పాట రాదంటే మాట్లాడమనండి. రికార్డ్ చేసి రెండు చోట్ల దాచుకోండి, ఒక్కచోటే వద్దు. ఒక్కచోటే ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

మొన్న పెద్దన్నతో మాట్లాడా. వాళ్ళ మనవడు ఎక్కడో పాత టేప్ రికార్డర్ సంపాదించి బాగుచేయించాడట. క్యాసెట్ పెట్టి ఫోన్‌లోకి ఎక్కించాడట. నాకు కూడా పంపాడు. పాటలు, తర్వాత ఆ తల్లి గొంతు, కోళ్ళ చప్పుడు, "బువ్వ తింటున్నవా" దాకా. ఆ తర్వాత నేను పోగొట్టిన చోటు. చిన్న టక్కుమన్న శబ్దం, వెంటనే చిన్నపిల్ల "బాపూ" అని పిలుపు. ఆ పిల్లకు ఇప్పుడు ముప్పై దాటాయి.

కూర మాడేటట్టుంది. వీళ్ళను లేపాలి. మీ ఇంటి పాటలు పంపండి, పంపినవాళ్ళు ఒప్పుకుంటే వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తా. పేర్లు చెప్పను, ఊరి పేరు మాత్రం చెప్తా. టైమ్‌కు తినండి, ఎండలో నీళ్ళు తాగండి. ఉంటా మరి.